నవ్వితే బేరం అయినట్టే

ఇది ఒక మహాసంగ్రామం కథ. ఇందులో వ్యూహాలుంటాయి, రాయబారాలుంటాయి, శత్రుపక్షం తరఫున మిఠాయి డబ్బాతో వచ్చే బంధువొకాయన ఉంటాడు. యుద్ధం గెలిచి, గెలిచినందుకే రాజ్యం పోగొట్టుకున్న వీరుడుంటాడు. చిక్కడపల్లి నుంచి నారాయణగూడ చౌరస్తా దాకా రణరంగమే. చదివిన తర్వాత మీకు రెండు పూటలు అన్నం సహించదు.

అంత లేదు. నేను పదో తరగతిలో సోషల్ చదివిన కథ ఇది. రణరంగం మా కిరాయి పోర్షన్‌లో ముందుగది. వీరుడి బరువు అప్పట్లో నిండు గ్యాస్ సిలిండర్ కంటే కొంచెం ఎక్కువ. మీ అన్నం మీరు నిశ్చింతగా తినొచ్చు.

ఇన్నేళ్ల తర్వాత ఇప్పుడెందుకు గుర్తొచ్చిందంటే, మొన్న అక్క ఫోన్ చేసింది. అక్కావాళ్లు ఉండేది పక్కనే గాంధీనగర్‌లో.

"పాప బళ్లె పేరెంట్స్ మీటింగ్ ఉందిరా. మా ఇద్దరికీ సెలవు దొరుకుతలేదు. జర నువ్వు పోయి రా."

"నేను పేరెంట్‌ని కాదు గదక్కా."

"ఖాళీగున్నవ్ గదా. గది చాలు."

నేను ఖాళీగా లేను. నోటిఫికేషన్ కోసం ఎదురుచూస్తున్నాను. ఇది పూర్తికాలపు ఉద్యోగం, జీతం ఒక్కటే రాదు. సొంత ఊరు చిక్కడపల్లే అయినా, జిల్లాల నుంచి వచ్చి హాస్టళ్లలో ఉంటున్నవాళ్లతో కలిసి రోజంతా అశోక్‌నగర్‌లో ఒక స్టడీ హాల్‌లో కూర్చుంటాను. మనిషికీ మనిషికీ మధ్య ప్లైవుడ్ అడ్డం, తల మీద ఒక లైటు. అందరూ ఒకరి పక్కన ఒకరు ఉంటారు, ఎవరూ ఎవరితోనూ ఉండరు. దగ్గొస్తే బయటికెళ్లి దగ్గి రావాలి. ఒకరోజు రాజ్యాంగం చదువుతూ ఎందుకో నవ్వొచ్చి నవ్వాను. పక్క అడ్డం మీంచి ఒకన్న తల పైకెత్తి, శవం లేచి కూర్చుంటే చూసినట్టు చూశాడు. మళ్లీ నవ్వలేదు.

బడి నారాయణగూడలో. పిల్లల కుర్చీల్లో పెద్దవాళ్లం మోకాళ్లు గడ్డానికి తగిలేలా కూర్చున్నాం. గోడ మీద తెర వేసి, పిల్లల చదువులో తల్లిదండ్రుల పాత్ర గురించి చాలాసేపు చెప్పారు. రోజూ కాసేపు పక్కన కూర్చోండి, మీకు పాఠం రాకపోయినా పర్వాలేదు, వాళ్లనే చెప్పమనండి, మీరు వినండి అన్నారు. చుట్టూ ఉన్న తల్లిదండ్రులు వింటున్నారు, ఫోన్లో. తర్వాత ఒక్కొక్కరినే పిలిచారు. నా వంతు వచ్చేసరికి మేడమ్ చిత్రంగా చూసింది.

"పాపకి ఇంట్లో ఎవరు చెప్తున్నరండీ?"

"ఎవరూ చెప్పరు మేడమ్. బడి అయినంక మా అమ్మానాన్న దగ్గర ఉంటది, సాయంత్రం మా అక్క వచ్చి తీసుకపోతది."

"మరి ఇదెక్కడ నేర్చుకుంది? పాఠం చెప్పమంటే ముందు చేతులతో గాల్లో ఏదో పరుస్తది. 'ఏం చూపించమంటరు మేడమ్' అని అడుగుతది. మధ్యల ఆగి నా ముఖం చూస్తది. నేను జర నవ్విననుకోండి, 'అయితే అయిపోయినట్టే' అని పోయి కూసుంటది."

మేడమ్ నవ్వింది. నేను నవ్వలేదు. ఆ పద్ధతికి పేటెంట్ ఎవరిదో నాకు తెలుసు. దాన్ని వాడే హక్కు లోకంలో నా ఒక్కడికే ఉందని అప్పటిదాకా అనుకుంటున్నాను. ఎనిమిదేళ్ల పిల్ల మీద అసూయపడటం పెద్దమనిషి లక్షణం కాదు. అయినా పడ్డాను.

మా నాన్న నారాయణగూడలో ఒక చీరల దుకాణంలో సేల్స్‌మన్. ఆ మాట వింటే ఇప్పుడు మీకు యూనిఫాం వేసుకుని నిలబడ్డ మనిషి గుర్తొస్తాడు. నాన్న నిలబడేవాడు కాదు, కూర్చునేవాడు. దుకాణమంతా నేల మీద పరుపు, పరుపు మీద తెల్లదుప్పటి. కస్టమర్లు చెప్పులు గడప అవతల విడిచి వచ్చి ఎదురుగా కూర్చునేవాళ్లు. నాన్న వెనక గోడంతా అరలు. తల తిప్పకుండా చెయ్యి వెనక్కి పెట్టి ఒక చీర లాగి, అంచు పట్టుకుని గాల్లోకి విసిరేవాడు. అది తెరుచుకుంటూ పోయి, సరిగ్గా ఆవిడ ఒడి దగ్గర ఆగేది. ఎండాకాలం సెలవుల్లో అన్నం క్యారియర్ ఇవ్వడానికి వెళ్లి, ఓ మూల కూర్చుని అదే చూస్తుండేవాణ్ని. ఫ్యాను లేని మూల అది. గంజి వాసన, అట్టపెట్టెల వాసన, అరల్లో వేసిన కలరా ఉండల వాసన. ఆ మూడూ కలిసి నాన్న చొక్కాకు పట్టుకుని ఇంటికొచ్చేవి. ఇప్పటికీ ఎక్కడైనా కలరా ఉండ వాసన వస్తే నాకు ధైర్యంగా ఉంటుంది. బొద్దింకలకు ఉల్టా అనుకుంటాను.

నాన్నకు బడి చదువు ఏడో తరగతి దగ్గర ఆగింది. దుకాణంలో మాత్రం కొన్ని సూత్రాలుండేవి. అన్నిటికంటే పెద్దది నవ్వు గురించి.

"బాగుందంటే నమ్మొద్దు. బాగలేదన్నా నమ్మొద్దు. నోరు మర్యాదకు మాట్లాడతది. నవ్వు మాత్రం కడుపుల నుంచి వస్తది. చీర చూసి కస్టమర్ నవ్విండంటే బేరం అయినట్టే. ఇగ ఇంకో చీర ముట్టొద్దు. మడత పెట్టి బిల్లుకు పంపాలె."

దుకాణం గోడ మీద ఎర్ర అక్షరాల బోర్డు కూడా ఒకటుండేది: అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు.

నేను పదికి వచ్చేనాటికి అక్క ఊరవతల ఒక రెసిడెన్షియల్ కాలేజీలో ఇంటర్ చదువుతోంది. దసరాకు ఇంటికొచ్చింది. వచ్చింది అక్కేనని అమ్మ చెప్తే నమ్మాం. ముందు మా ఇద్దరికీ మంచం మీద ఎవరి సరిహద్దు ఎక్కడో తేల్చుకోకుండా రాత్రి గడిచేది కాదు. ఈసారి గోడవైపు తిరిగి పడుకుంది. సరిహద్దు దాటి కాలు వేశాను, ఏమీ అనలేదు. నిద్రలో "ప్రెజెంట్ సార్" అంది. ఉన్న మూడురోజులూ నిద్రపోయి, సకినాలు మూట కట్టించుకుని వెళ్లిపోయింది. తర్వాత మంచం మొత్తం నాదే. ఎటు దొర్లినా నాదే. అంత ఆస్తి ఏం చేసుకోవాలో తెలియలేదు.

ఆ చలికాలంలో నా అర్ధసంవత్సరం మార్కులు వచ్చాయి. సోషల్ మార్కులు చూసి అమ్మ, అది రోల్ నంబర్ అనుకుంది. వార్త తెలిసి పెదనాన్న వచ్చాడు. పిల్లల చదువుల మీద ఆయనకు ఒకటే అభిప్రాయం: ఇంట్లో ఉంటే చెడిపోతారు. తన పిల్లలందరినీ హాస్టళ్లలో వేశాడు. ఆ ఇంట్లో చెడిపోవడానికి మిగిలింది ఆయనొక్కడే.

"ఇంటర్‌కన్న వీన్ని హాస్టల్ల వెయ్యి తమ్మీ," అన్నాడు. "ఇంటి దగ్గరుంటే వీడు గింతే. ఈడ చూసేటోల్లు ఎవరున్నరు?"

"నేనున్న గదన్నా."

"నువ్వేం చదివిస్తవ్? నువ్వు చదివిందే ఏడు."

నాన్న చాయ్ గ్లాసు పక్కకు పెట్టాడు. "నేను చదివియ్య. వాడు చెప్తడు, నేను వింట. పెద్దపరీక్షల దాంక చూద్దాం. మార్కులొస్తే ఇంటర్ ఈడనే, నడిచిపోయే కాలేజీల. రాకుంటే నువ్వన్నట్టే."

ఒప్పందం అదీ. మార్కులొస్తే ఇల్లు, రాకపోతే హాస్టల్. నాకు డాక్టరో ఇంజనీరో కావాలని లేదు. నాన్న చొక్కా తగిలించే కొయ్య ఉన్న గదిలో పడుకోవాలని ఉంది. అంత చిన్న ఆశయానికి సోషల్ మొత్తం చదవాల్సి రావడం అన్యాయం అనిపించింది.

దుకాణం పొద్దెక్కాక గానీ తెరవరు కాబట్టి పొద్దున నాన్న ఖాళీ. మర్నాడు పొద్దున్నే చాప వేసి, దాని మీద ఉతికిన దుప్పటి పరిచి, తను ఈవల కూర్చున్నాడు. ఎప్పుడూ తను కూర్చునే వైపు కాదు, కస్టమర్లు కూర్చునే వైపు.

"నేను కస్టమర్‌ని. అమ్ము."

"ఏం అమ్మాలె?"

"ఇయ్యాల ఏముంది నీ దగ్గర?"

"నైరుతి రుతుపవనాలు."

"చూపియ్యి మరి."

నేను పుస్తకం తెరిచి చదవడం మొదలుపెట్టాను. రెండు వాక్యాలు కాకముందే నాన్న లేచి చెప్పులు వెతుక్కుంటున్నాడు.

"ఏడికి నాన్నా?"

"పక్క దుకాణానికి. గట్ల కాయితం చూసి చదివితే ఎవరన్న కొంటరా? నా మొఖం చూసి చెప్పు."

ముఖం చూసి చెప్పాలంటే ముందు రావాలి. ఆ రోజు రాలేదు, బడికి టైమైపోయింది. మరునాడు చదువుకుని కూర్చున్నాను. గాలి సముద్రం మీంచి బయలుదేరి మన దాకా వస్తుందని చెప్పాను.

"ఎందుకొస్తది? సముద్రం మీద మంచిగనే ఉన్నది గద. గాలికి ఈడేం పని?"

ఆ ప్రశ్న మా సార్ ఎప్పుడూ అడగలేదు. నేనూ అడగలేదు. ఆలోచించి చెప్పాను: "ఎండాకాలం నేల వేడెక్కుతది. వేడిగాలి పైకి పోతది. ఈడ జాగ ఖాళీ అయితది. గా జాగలకు సముద్రం మీది గాలి వస్తది."

"జాగ ఖాళీ అయితే గాలి వస్తదా?"

"వస్తది."

నాన్న మంచం వైపు చూశాడు. "మరి మీ అక్క జాగ ఖాళీ అయి ఎన్ని దినాలాయె. ఏ గాలీ రాలేదేందిరా?"

వంటింట్లోంచి అమ్మ గొంతు వచ్చింది: "గాలి రాకుంటే కిటికీ తెరువున్రి. ఉప్మా పొగకు నేనీడ సస్తున్న."

అమ్మ పాత్ర అది. చీరల దుకాణానికి కస్టమర్ ఒంటరిగా రాదు, వెంట ఓ ఆడబిడ్డ వస్తుంది. కొనేది ఆవిడ కాదు, కానీ కొనకుండా ఆపగలిగింది ఆవిడే. అమ్మ వంటింట్లోంచే ఆడబిడ్డగా పనిచేసేది. నేను ఏదైనా దాటేసి ముందుకెళ్తే, "నడుమల మడత దాచిండు, ఇప్పి చూడున్రి" అనేది. తడబడితే, "గింతకన్న మంచిది కోఠిల దొరుకుతది" అనేది. ఇద్దరూ నన్ను చదివించడం లేదు. ఇద్దరూ కలిసి నా దుకాణం ఎక్కారు, అంతే.

నాన్న తేలిగ్గా కొనేవాడు కాదు. అంచు బాగుందా, కొంగు ఎట్లుంది, ఉతికితే రంగు పోతదా, అన్నీ అడిగేవాడు. రంగు పోతుందా అంటే, నెల తర్వాత అడిగినా చెప్తావా అని. చివరికి ఆయన నవ్వాలి. నవ్వితే బేరం అయినట్టు. పుస్తకం మూసెయ్యొచ్చు, ఉప్మా తినొచ్చు. నవ్వకపోతే మళ్లీ ఇంకో అర లాగాలి. అందుకని ప్రతి పాఠం చివరా ఆయన్ని నవ్వించే మాట ఒకటి తయారుగా పెట్టుకునేవాణ్ని. ఎవరి మీద జోకు వేస్తే ఎంత నవ్వుతాడో లెక్క తెలిసింది. గడ్డాలున్న రాజుల కంటే గడ్డాలు లేని గవర్నర్లు తొందరగా అమ్ముడుపోయేవాళ్లు. నన్ను అందరూ జోకర్ అంటారు. పుట్టుకతో అయ్యింది కాదు, ఉప్మా చల్లారకముందే తినాలని అయ్యింది.

ఒకసారి మాత్రం మోసం చేశాను. సైన్సు పాఠం చదవకుండా కూర్చుని, వానపాముకు నాలుగు ఊపిరితిత్తులుంటాయని, వాన పడ్డప్పుడు తల వైపు రెండిటినీ మూసుకుంటుందని చెప్పాను. నాన్న బ్రహ్మాండంగా నవ్వాడు. బేరం అయిపోయింది. మధ్యాహ్నం దాకా సుఖంగా ఉన్నాను. ఆ రోజు ఆదివారం, సగం పూటే దుకాణం. నాన్న తొందరగా వచ్చి చొక్కా కూడా విప్పకుండా నిలబడ్డాడు.

"ఇటురా. డూప్లికేట్ మాల్ అమ్మినవ్."

జరిగిందేంటంటే, చీర కొనడానికి వచ్చిన రిటైర్డ్ టీచరమ్మకు, మావోడు చెప్పిండమ్మా అని నాన్న వానపాము సంగతి గొప్పగా చెప్పాడు. వానపాముకు ఊపిరితిత్తులే ఉండవు, చర్మంతో గాలి పీలుస్తుంది అని ఆవిడ మెల్లగా చెప్పిందట. పరుపు మీదున్నవాళ్లందరూ విన్నారట.

"మాల్ వాపస్," అన్నాడు నాన్న.

"బోర్డున్నది గద నాన్నా. అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు."

"గా బోర్డు సేఠ్ రాసిండు. ఇది నా దుకాణం. నా దుకాణంల తప్పు మాల్ ఎన్ని దినాలకైన వాపస్ తీస్కుంటం."

వంటింట్లోంచి ఆడబిడ్డ పడీపడీ నవ్వుతోంది. వానపామును మళ్లీ మొదటి నుంచి అమ్మాను. ఈసారి నిజం వానపాము. కొన్నాక, "నడు" అని చిక్కడపల్లి మూలమీదికి తీసుకెళ్లి మిర్చి బజ్జీలు ఇప్పించాడు. ఉల్లిపాయ ముక్కల మీద నిమ్మకాయ పిండుతూ, "చర్మంతోనే పీలుస్తదా, మస్తున్నదిరా" అని తనలో తను అనుకున్నాడు. బజ్జీ కారానికి కళ్లల్లో నీళ్లొచ్చాయి. ఆ రోజు కంటే గొప్పరోజు నాకు మళ్లీ రాలేదని చెప్పడానికి మొహమాటంగా ఉంది. బజ్జీలు అంత బాగుండేవి కావు కూడా.

పరీక్షలు రాశాను. ప్రశ్నపత్రం చూడగానే ఎదురుగా ఓ కస్టమర్ కాళ్లు ముడుచుకుని కూర్చున్నట్టు అనిపించేది. అమ్ముకుంటూ పోయాను. ఎండలు ముదిరాక మార్కులొచ్చాయి. మంచి మార్కులు. సోషల్‌లో ఎంత వచ్చిందంటే, రోల్ నంబర్ ఏది మార్కులేవి అని అమ్మ మళ్లీ అడిగింది.

యుద్ధం గెలిచాను. ఇల్లు నాదే. నారాయణగూడ కాలేజీ ముందు నుంచి రెండుసార్లు నడిచి, గేటు దగ్గర చెరుకురసం తాగి, ఇక్కడ రోజూ తాగాలి అని తీర్మానించుకుని వచ్చాను.

ఆ సాయంత్రం పెదనాన్న మిఠాయి డబ్బాతో వచ్చాడు.

"శభాష్!" నా వీపు మీద ఒకటి చరిచాడు. "తమ్మీ, గిన్ని మార్కులొచ్చినంక వీన్ని గీ గల్లీ కాలేజీల పడేస్తవా? పాపం తగుల్తది. మనోల్ల పిల్లలు చదివే హాస్టల్ల మాట్లాడిన. మార్కులు చూసి ఫీజు సగం తగ్గిస్తమన్నరు. మార్కులు తక్కువొచ్చినోనికైతే అడిగినా సీటియ్యరు."

అప్పుడు అర్థమైంది. మార్కులు రాకపోతే హాస్టల్. మార్కులొస్తే మంచి హాస్టల్. నేను రాసిన పరీక్షలో రెండు జవాబులూ ఒకటే.

అమ్మ వంటింటి గడప మీద నిలబడింది, ఆడబిడ్డలాగా కాదు, మామూలు అమ్మలాగా. నాన్న నా వైపు తిరిగాడు.

"నువ్వేమంటవ్ రా?"

నోట్లో లడ్డూ ఉంది. అందరూ నా ముఖమే చూస్తున్నారు. పోను అని చెప్పాలంటే ముందు నోరు తెరవాలి, తెరిస్తే ఏడుపొస్తుందని గట్టిగా అనుమానం ఉంది. పెదనాన్న ముందు, లడ్డూతో, ఏడవడం. చూడటానికి బాగుండదు. అంతకుముందు నాలుగు నెలలుగా నేను నేర్చుకున్న విద్య ఒకటే. అదే తీశాను.

"అమ్మ ఉప్మా తప్పుతదంటే యాడికైన పోత."

అందరూ పగలబడ్డారు. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పెదనాన్న దగ్గేదాకా నవ్వాడు. అందరికంటే గట్టిగా నేనే నవ్వాను, నవ్వితే కళ్లల్లో నీళ్లున్నా ఎవరూ అడగరు. నాన్న ఒక్కడే నవ్వలేదు. నా ముఖం వైపు చూస్తూ కూర్చున్నాడు. తర్వాత, "సరే" అన్నాడు.

ఆ వారమే నాన్న నా బట్టలు సర్దాడు. చొక్కాలన్నీ చీరలు మడతపెట్టినట్టు, అంచుకు అంచు కలిపి, అరచేత్తో గాలి తీసేసి, ట్రంకు పెట్టెలో పేర్చాడు. అట్లా సర్దిన పెట్టె మా హాస్టల్లో ఇంకెవరికీ లేదు. మొదటిరోజే వెతుకులాటలో కెలికి పాడు చేశాను, మళ్లీ అట్లా పెట్టడం రాలేదు.

హాస్టల్ గురించి చెప్పడానికి ఏమీ లేదు. అక్కడ అదే ప్రత్యేకత. పొద్దున స్టడీ అవర్‌లో అందరం ఒకే గదిలో ఎవరి పుస్తకంలో వాళ్లం గొణుక్కునేవాళ్లం. అన్ని దుకాణాలూ తెరిచి ఉన్నాయి, కస్టమర్ ఒక్కడూ లేడు. ఉప్మా ఉండేది. అదొక శిక్ష.

తల్లిదండ్రులు వచ్చే ఆదివారం నాన్న వచ్చాడు. మైదానంలో చెట్టు కింద జాగా దొరకక, నీళ్ల ట్యాంకు నీడలో కూర్చున్నాం. అమ్మ చేసిన సర్వపిండి తెచ్చాడు. చొక్కాకు అదే వాసన. చుట్టూ అన్ని కుటుంబాలూ ర్యాంకులు అడుగుతున్నాయి. నేను తింటున్నాను. నాన్న భుజం మీది తువ్వాలు తీసి, మా ఇద్దరి మధ్య నేల మీద పరిచాడు. దాని ముడతలు సాపు చేశాడు.

"ఇయ్యాల ఏమున్నది నీ దగ్గర?"

పక్కనే మా క్లాసువాళ్లున్నారు. ఒకడు ఇటే చూస్తున్నాడు.

"ఏం లేదు నాన్నా," అన్నాను. "ఈడ గిట్ల చెప్పిస్తలేరు."

"అట్లనా," అన్నాడు. తువ్వాలు మీద పడ్డ పిండి దులిపి, మడతపెట్టి భుజాన వేసుకున్నాడు. ఆ తర్వాత వచ్చిన ఆదివారాల్లో ఎప్పుడూ తువ్వాలు పరచలేదు. తిన్నవా అని అడిగేవాడు, తిన్న అనేవాణ్ని. హాస్టల్ అయిపోయింది, ఇంజనీరింగ్ అయిపోయింది, ఇంటికొచ్చేశాను. ఒకే గదిలో ఉంటున్నాం. ఇప్పటికీ అదే సంభాషణ. తిన్నవా, తిన్న. రంగు పోలేదు, గ్యారంటీ సరుకు.

దుకాణం కూడా పోయింది. పరుపులు తీసేసి గాజు కౌంటర్లు పెట్టారు, నిలబడి అమ్మాలన్నారు. అన్నేళ్లు మడిచి కూర్చున్న మోకాళ్లు నిలబడటానికి ఒప్పుకోలేదు. నాన్న మానేశాడు. ఇప్పుడక్కడ బొమ్మలకు కట్టిన చీరలున్నాయి. బొమ్మలు నవ్వుతూనే ఉంటాయి. ఎవరూ మడతపెట్టి బిల్లుకు పంపరు.

మీటింగ్ నుంచి నేను స్టడీ హాల్‌కు వెళ్లలేదు. పాపను తీసుకుని ఇంటికొచ్చాను. చాలాకాలానికి మధ్యాహ్నంపూట ఇంట్లో ఉన్నాను. అన్నాలయ్యాక నాన్న ప్లాస్టిక్ కుర్చీ మంచం దగ్గరికి లాక్కుని కూర్చున్నాడు. పాప మంచమెక్కి దుప్పటి సాపు చేసి, కాళ్లు ముడుచుకుని కూర్చుంది. నేను గడపలో నిలబడ్డాను.

"మామా, అట్ల నిలబడొద్దు," అంది పాప. "కస్టమర్ పరేషాన్ అయితడు."

"కూసోరా," అన్నాడు నాన్న. "నువ్వు నా వెంట వచ్చినవనుకో."

ఆడబిడ్డ ఉద్యోగం. ఖాళీగా ఉన్నాను కదా. నేల మీద కూర్చున్నాను. పాప ఆకు గురించి అమ్ముతోంది. ఆకు ఎండతో వంట చేసుకుంటుందట. పొయ్యి ఏదని నాన్న అడిగాడు. పాప గోరు కొరుక్కుంటూ ఆలోచనలో పడింది. ఆ సందులో అడిగేశాను. ఇన్నేళ్లూ అడగనిది ఆ ఆకు పుణ్యాన బయటికొచ్చింది.

"నాన్నా, నన్ను హాస్టల్‌కు ఎందుకు పంపినవ్?"

నాన్న నా వైపు చూశాడు. ఆశ్చర్యపోయింది ఆయనే.

"నేనెక్కడ పంపిన రా? నువ్వు నవ్వినవ్ గదా."

"నవ్వితే?"

"నవ్వితే బేరం అయినట్టే గద." గొంతు తగ్గించాడు. "నాకు అస్సలు మనసు లేకుండె. మీ అమ్మకూ లేకుండె. నువ్వు వద్దంటవేమో అని నీ మొఖమే చూస్తున్న. నువ్వు నవ్వినవ్. కడుపుల నుంచి నవ్వినవ్. ఇగ నేనేం జేస్త, మడత పెట్టిన."

ఇలాంటిచోట నా దగ్గర ఎప్పుడూ ఒక జోకు ఉంటుంది. వెనక్కి తిరగకుండా చెయ్యి పెడితే తగులుతుంది. పెట్టాను. అర ఖాళీగా ఉంది.

"వాపస్ తెస్తే తీస్కుంటుంటివా?"

"నా దుకాణంల ఎన్ని దినాలకైన తీస్కుంటం అని చెప్తి గద." పాప దుప్పటి అంచు ముడతపడితే వంగి సాపు చేశాడు. "నువ్వు తేలే. నేను తువ్వాల గూడ పరిచి చూస్తి."

"తాతా, పొయ్యి ఆకుల్నే ఉంటది! పచ్చరంగే పొయ్యి!" అని అరిచింది పాప.

నాన్న నవ్వాడు. బేరం అయిపోయింది. పాప పుస్తకం మూసేసింది.

అప్పుడే నా ఫోన్‌కు అక్క పంపిన మెసేజ్ వచ్చింది, బడి గ్రూపులోది. మీటింగ్‌కు తల్లి గానీ తండ్రి గానీ వస్తేనే హాజరు వేస్తారట, మేనమామ సంతకం చెల్లదట. సోమవారం అక్కే వెళ్లాలి. ఆఫీసు గది ఒంటిగంటకు మూసేస్తారు, ఆధార్ జిరాక్స్ తీసుకెళ్లాలి.